రాకడ తేదీ సరే, మన మారుమనస్సు తేదీ ఏది?

“అయ్యగారూ, ఈ నెల ఇరవై మూడో తేదీ సంఘం ఎత్తబడుతుందంటాండారు. నిజమేనా?”

2025 సెప్టెంబరులో ఒక ఆదివారం ప్రొద్దుటూరులో ఆరాధన ముగించుకొని బయటికి వస్తుండగా ఒక తల్లి మమ్మల్ని అడిగిన ప్రశ్న ఇది. ఆమె చేతిలోని సెల్‌ఫోన్‌లో ఒక వీడియో ఉంది. తనకు ప్రభువు దర్శనమిచ్చాడనీ, సెప్టెంబరు 23, 24 తేదీలలో తన ప్రజలను తీసుకొనిపోతానని చెప్పాడనీ దక్షిణాఫ్రికాకు చెందిన ఒక వ్యక్తి ప్రకటించాడు. ఆ మాట కొద్ది వారాల్లోనే దేశదేశాలకూ పాకింది. మన పెన్నా ఒడ్డుకూ చేరింది.

ఆ దినం సంగతి తండ్రికి తప్ప దేవదూతలకు కూడా తెలియదని ప్రభువే సెలవిచ్చాడు గదమ్మా అని ఆమెకు చెప్పాము. ఆమె తల ఊపింది, కాని కదలలేదు. కాసేపటికి గొంతు తగ్గించి, “ఒకవేళ నిజమైతే మా చెల్లెలితో మాట్లాడల్ల అయ్యగారూ. పన్నెండేండ్లయింది. నాయన చేను పంచుకునేకాడ మాటలు పోయినాయి” అన్నది.

ఇరవై మూడు వచ్చింది, ఇరవై నాలుగూ వచ్చింది. ప్రొద్దుటూరు దసరా సందడిలో ఉంది. అంగళ్లు తెరిచారు, బస్సులు తిరిగాయి. తరువాతి ఆదివారం ఆమె కనబడితే, “చెల్లెలితో మాట్లాడినావామ్మా?” అని అడిగాము. ఆమె కొంచెం సిగ్గుపడి, “తేదీ అయిపాయ గదా అయ్యగారూ” అన్నది.

ఆ జవాబు మమ్మల్ని ఇంకా వదలలేదు. తేదీ చెప్పి పుట్టించిన భయం తేదీతోపాటే పోతుంది. ఆ భయంలో నుంచి పుట్టిన మారుమనస్సు కూడా దానితోనే పోతుంది. రాకడను గూర్చిన బోధ మన సంఘాలలో ఎక్కడ దారి తప్పుతున్నదో ఆ తల్లి ఒక్క మాటలో చెప్పింది.

మేము చేసిన తప్పు

ఇతరులను అనేముందు మా సంగతి చెప్పుకోవాలి. 1999 డిసెంబరు 31 రాత్రి జరిగిన ఆరాధన మాకు బాగా గుర్తుంది. అప్పుడు మాది చిన్న వయసు, వేదాంత కళాశాల నుంచి వచ్చి ఎక్కువ కాలం కాలేదు. రెండువేల సంవత్సరం వస్తున్నది, కంప్యూటర్లన్నీ ఆగిపోతాయి, లోకం అంతమవుతుంది అని ఎక్కడ చూసినా అదే మాట. గుడి నిండి, జనం వాకిట్లో చాపలు పరచుకొని కూర్చున్నారు. తేదీలు పెట్టకూడదని మాకు తెలుసు. అయినా అంతమంది జనాన్ని చూసి మా నోరు అదుపు తప్పింది. ‘వచ్చే ఏడాది ఇక్కడ మనం కలుసుకుంటామో లేదో’ అంటూ, అర్థమయ్యీ కానట్టుగా, ఆ నెలంతా భయమే బోధించాము.

ఆ సంఘంలో పులివెందుల వైపు పల్లె నుంచి వచ్చే ఒక వేరుశనగ రైతు ఉండేవాడు. ఆయన బిడ్డ పదో తరగతి. లోకమే పోతుంటే పరీక్ష ఎందుకని ఆ డిసెంబరులో ఆయన పరీక్ష ఫీజు కట్టలేదు. జనవరి వచ్చింది, మార్చి వచ్చింది, తోటి పిల్లలు పరీక్షలు రాశారు. ఆ బిడ్డ మళ్లీ బడికి పోలేదు. ఈ సంగతి మాకు తెలిసేసరికి ఆమెకు పెళ్లి కూడా అయిపోయింది. ఆ తండ్రి దగ్గరికి వెళ్లి, “తప్పు మాది” అని ఒప్పుకోవటానికి మాకు ఆరేళ్లు పట్టింది. ఆయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు, మంచం వాల్చి కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. ఆ మజ్జిగ మాకు గొంతు దిగలేదు.

మారుమనస్సును గూర్చి ఇరవై ఏళ్లకు పైగా బోధిస్తున్నాము. అది ఎంత కష్టమో ఆ మంచం మీద కూర్చున్నప్పుడే తెలిసింది.

తేదీల చరిత్ర

ఇది మన ప్రాంతానికే పరిమితమైన బలహీనత కాదు. అమెరికాలో విలియం మిల్లర్ అనే బోధకుని మాట నమ్మి 1844 అక్టోబరు 22న వేలాదిమంది ప్రభువు కోసం ఎదురుచూశారు. కొందరు రైతులు పొలంలో పంట కూడా తీయలేదు. చరిత్రకారులు ఆ రోజుకు ‘మహా నిరాశ’ అని పేరు పెట్టారు. దక్షిణ కొరియాలో 1992 అక్టోబరు 28న అలాగే జరిగింది. ఉద్యోగాలు వదిలినవారున్నారు, ఆస్తులు అమ్ముకున్నవారున్నారు. ఆ తేదీ చెప్పిన బోధకుడు మాత్రం ఆ తేదీ దాటాక గడువు తీరే బాండ్లు కొని దాచుకున్నాడు. మోసం నేరం కింద ఆయనకు శిక్ష పడింది.

హెరాల్డ్ క్యాంపింగ్ అనే అమెరికన్ రేడియో బోధకుడు 2011 మే 21 అన్నాడు, అది తప్పాక అక్టోబరు 21 అన్నాడు. అదీ తప్పింది. అయితే ఆయన 2012 మార్చిలో, తేదీ పెట్టడం పాపమని బహిరంగంగా ఒప్పుకున్నాడు. తొంభై ఏళ్ల వయసులో ఒక బోధకుడు తన శ్రోతల ముందు తప్పు ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. ఆయన లెక్కలన్నీ మరచిపోవచ్చు. ఆ ఒప్పుకోలు మాత్రం మనలాంటి బోధకులు గుర్తుంచుకోదగినది.

మన జిల్లా మనుషులకు భవిష్యత్తును గూర్చిన మాట కొత్త కాదు. కందిమల్లాయపల్లెలో బ్రహ్మంగారి మఠం ఉంది. కాలజ్ఞానం పేరు వినని ఇల్లు కడప జిల్లాలో ఉండదు. ఏ వింత జరిగినా ‘బ్రహ్మంగారు అప్పుడే చెప్పినాడు’ అనటం మన ఊళ్లలో వాడుక. ఇతరుల నమ్మకాన్ని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. మేము చెప్పేది మన సంగతి. ఈ అలవాటుతోనే మనం ప్రకటన గ్రంథం కూడా చదువుతున్నాము. యుద్ధం వస్తే ఒక వచనం, భూకంపం వస్తే ఒక వచనం, కొత్త కార్డు వస్తే ఒక వచనం వెదికి జతచేస్తున్నాము. ఆధార్ వచ్చిన కొత్తలో మిజోరంలో కొందరు క్రైస్తవులు అది మృగముద్ర అని భయపడి తీసుకోలేదు. 2020లో కరోనా వచ్చినప్పుడు టీకాలో చిప్పు ఉందని, అదే 666 అని మన సంఘాలలోనూ చెప్పుకున్నారు. ఆ మాట విని టీకా వేయించుకోని పెద్దవారిలో కొందరికి సమాధి కార్యక్రమాలు మేమే జరిగించాము.

పరిశుద్ధ గ్రంథాన్ని పంచాంగంలా చదివితే ఇలాగే జరుగుతుంది.

మొదట ఎవరికి?

ప్రకటన గ్రంథాన్ని మృగంతో కాక మొదటి నుంచి చదువుదాము. యోహాను పత్మాసు ద్వీపంలో ఉండి చిన్న ఆసియాలోని ఏడు సంఘాలకు దీనిని రాశాడు. ముద్రలు విప్పకముందు, బూరలు ఊదకముందు, రెండు మూడు అధ్యాయాలలో ప్రభువు ఆ సంఘాలతో ఒక్కొక్కదానితో మాట్లాడాడు. శ్రమల్లో ఉన్న స్ముర్నకూ, బలం తక్కువైనా నమ్మకంగా నిలిచిన ఫిలదెల్ఫియకూ మారుమనస్సు పొందమన్న ఆజ్ఞ లేదు. ఎఫెసు, పెర్గము, తుయతైర, సార్దీస్, లవొదికయ అనే మిగిలిన ఐదింటికీ ఆ ఆజ్ఞ వచ్చింది.

ఏడింటిలో ఐదు! అంత్యదినాలను గూర్చిన గ్రంథంలో మారుమనస్సు పిలుపు మొదట వచ్చినది సంఘానికి. లోకానికి కాదు. తీర్పు దేవుని ఇంటివారితోనే మొదలవుతుందని పేతురు కూడా తన మొదటి పత్రికలో హెచ్చరించాడు. కాని మనం ఏం చేస్తున్నాము? రాకడను గూర్చి మైకులో చెప్పేటప్పుడు సినిమాలు చూసేవారినీ, తాగేవారినీ, ఇతర మతాలవారినీ వేలెత్తి చూపుతున్నాము. ముందు వరుసలో కూర్చున్న సంఘపెద్ద ఆ మాటలకు తల ఊపుతున్నాడు. సంఘ ఆస్తుల మీద కోర్టులో నడుస్తున్న వ్యాజ్యం, ఎన్నికల్లో కులం చూసి వేసుకున్న ఓట్లు, ఒకే బల్లలో చేయివేసి ఇంటికి పోయాక వేరుగా పెట్టుకునే గ్లాసు మాత్రం ఆ ప్రసంగంలోకి రావడం లేదు.

వెయ్యేళ్ల పరిపాలన ఎప్పుడు, సంఘం ఎత్తబడేది శ్రమలకు ముందా తరువాతా అన్నవాటిలో మన సంఘాలకు భేదాలున్నాయి. సి.ఎస్.ఐ.వారు ఒకలా, బ్రదరెన్‌వారు ఒకలా, పెంతెకొస్తువారు ఒకలా చెబుతారు. ఆ భేదాలు ఉండనీయండి. ఆయన మళ్లీ వస్తాడు, సజీవులకూ మృతులకూ తీర్పు తీరుస్తాడు అన్న ఒప్పుకోలు మాత్రం మనందరిదీ. అది నమ్మేవారు ముందు తమ లెక్క సరిచూసుకోవాలి.

మారుమనస్సుకు చేతులు కాళ్లు

గ్రీకులో మారుమనస్సుకు ‘మెటనోయా’ అనే మాట ఉంది, మనసు మారటమని దాని అర్థం. పాత నిబంధన హెబ్రీ భాషలో ‘షూబ్’ అంటారు, వెనుదిరగడమని అర్థం. ఏడ్వటం దీనిలో ఉండవచ్చు, లేకపోవచ్చు. తిరగటం మాత్రం ఉండి తీరాలి. తప్పు దారిలో పోతున్న మనిషి ఎంత ఏడ్చినా అదే దారిలో నడుస్తుంటే ఊరు చేరడు.

లూకా సువార్త మూడవ అధ్యాయంలో జనం బాప్తిస్మమిచ్చు యోహానును, ‘మేము ఏం చేయాలి?’ అని అడిగారు. రాబోవు ఉగ్రతను గూర్చి అంత గట్టిగా బోధించిన ఆ ప్రవక్త వారికి తేదీ చెప్పలేదు. అదనపు బట్ట ఉంటే లేనివానికి ఇమ్మన్నాడు. పన్ను వసూలుదారులను నిర్ణయించినదానికి మించి తీసుకోవద్దన్నాడు. సైనికులను బెదిరించి గుంజుకోవద్దన్నాడు. ఎవరి వృత్తిలో వారి మారుమనస్సు ఉన్నదని ఆయన చెప్పాడు.

ఆయనే నేడు మన జిల్లాకు వస్తే?

ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ల వీధిలో ఆగి కాటా చూస్తాడు. తరుగు పేరుతో, మజూరీ పేరుతో పేదరాలి తాళిబొట్టులో నుంచి తీసినది ఎంత అని అడుగుతాడు. నూటికి నెలకు ఐదు, పది రూపాయల వడ్డీకిచ్చి, అందులో నుంచే దశమభాగం తెచ్చి కానుక పెట్టెలో వేసే విశ్వాసిని ఆపుతాడు. జక్కయ్య తాను అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. ఆ ఇంటికి ఆ రోజే రక్షణ వచ్చిందని ప్రభువు చెప్పాడు. మన పట్టణంలో ఒక్క ప్రామిసరీ నోటు చింపి అప్పు మాఫీ చేస్తే, వంద కరపత్రాలు పంచినదానికన్నా పెద్ద సువార్త అవుతుంది.

పులివెందుల వైపు వెళితే పాత కక్షల సంగతి అడుగుతాడు. ఒకప్పటి ఉధృతి లేకపోయినా, తాతల నాటి పగ మనవళ్ల పెళ్లి పత్రికలలో ఇప్పటికీ కనబడుతుంది. ఎవరి పేరు ఉండాలో, ఎవరి పేరు ఉండకూడదో ఆ పగే నిర్ణయిస్తుంది. పగవానితో కలిసి నడిచే దారిలోనే రాజీపడమని ప్రభువు చెప్పాడు. అర్పణను బలిపీఠం ముందే విడిచి, పోయి సహోదరునితో సమాధానపడి రమ్మన్నాడు. కక్ష ఉన్న ఊళ్లో పుట్టిన మనకు ఆ వాక్యం ఎంత ఖరీదో తెలుసు. ముందు చేయి చాపినవాణ్ణి పిరికివాడంటారు. ఆ పేరు మోయడానికి సిద్ధపడినవాడే రాకడకు సిద్ధపడినవాడు.

జమ్మలమడుగులో ఆయన మిషన్ ఆస్పత్రి ముందు నిలబడతాడు. 1822లో కడపలో పని మొదలుపెట్టిన లండన్ మిషనరీ సొసైటీవారు ప్రభువు రాకడ నమ్మినవారే. 1876–78 మహా కరువులో రాయలసీమ పల్లెలు ఖాళీ అయినప్పుడు లోకాంతం వచ్చిందని అనుకోవటానికి ఎవరికైనా కారణం ఉండేది. అయినా ఆ శతాబ్దం చివరి దశకంలో డాక్టర్ క్యాంప్‌బెల్ జమ్మలమడుగులో ఆస్పత్రికి పునాది వేశాడు. రేపు ప్రభువు వస్తాడేమోనని నమ్మేవాడు ఎన్నో తరాలు నిలిచే గోడ ఎందుకు కడతాడు? వచ్చే ప్రభువు రోగిని చూడటానికి వెళ్లావా అని అడుగుతాడని మత్తయి 25వ అధ్యాయంలో చదివినందుకు.

గడువు మన చేతిలో లేదు

తేదీ లేదంటే తొందర లేదని ఎవరూ అనుకోవద్దు. అదే ఆస్పత్రిలో 1949 జూలై 8న పుట్టి, వైద్యవిద్య ముగించాక కొంతకాలం జమ్మలమడుగులోనే వైద్యుడిగా పనిచేసిన డాక్టర్ వై.ఎస్. రాజశేఖరరెడ్డి, ముఖ్యమంత్రిగా ఉండగా 2009 సెప్టెంబరు 2న ఉదయం హెలికాప్టర్‌లో చిత్తూరు జిల్లాకు బయలుదేరారు. నల్లమలలో పావురాలగుట్ట దగ్గర ఆయనతోపాటు మరి నలుగురి ప్రయాణం ముగిసింది. ఆ రోజు పులివెందుల వీధులలో పార్టీలతో పనిలేకుండా అందరూ ఒక్క మాటే అనుకున్నారు: పొద్దున పోయిన మనిషి!

2021 నవంబరు 19 తెల్లవారుజామున, ఉమ్మడి కడప జిల్లా రాజంపేట ప్రాంతంలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. పులపత్తూరు, మందపల్లె వంటి ఊళ్లమీద నీళ్లు పడ్డాయి. పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. అప్పుడు కొందరు బోధకులు అది వారి పాపానికి వచ్చిన శిక్ష అన్నారు. ఆ మాట వాక్యానికి విరుద్ధం. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిదిమంది చనిపోయినప్పుడు, వారు మిగిలినవారికన్నా పాపులు కారని ప్రభువు స్పష్టంగా చెప్పాడు. అయితే ఆయన అక్కడితో ఆపలేదు. బతికి ఉన్నవారివైపు తిరిగి, మీ సంగతి చూసుకోండి అన్నాడు. వెంటనే కాయని అంజూరపు చెట్టు ఉపమానం చెప్పాడు. ఇంకొక్క ఏడాది ఉండనీయండి, చుట్టూ తవ్వి ఎరువు వేస్తాను అని తోటమాలి బతిమాలుకొన్నాడు. ఆలస్యం దేవుని మరపు కాదు, అది ఆయన సహనమని పేతురు రెండవ పత్రిక చెప్పేదీ ఇదే. మనం ఇప్పుడు ఆ ఏడాదిలో ఉన్నాము.

గండికోట జలాశయం సంగతి జమ్మలమడుగువారికి మేము చెప్పనక్కరలేదు. 26.85 టీఎంసీలు పట్టే ఆ జలాశయంలో 2020లో నీటిమట్టం పెంచినప్పుడు తాళ్లప్రొద్దుటూరు వంటి ఊళ్లలోకి నీళ్లు వచ్చాయి. ఊరు మునుగుతుందన్న మాట అక్కడివారు ఏళ్ల తరబడి విన్నారు. చివరిదాకా ఆగినవారిలో చాలామంది పరిహారం కోసం, ఇంటి స్థలం కోసం ఆగినవారే, వారిని తప్పుపట్టే హక్కు మనకు లేదు. మేము గమనించమనేది ఒక్కటే. నీళ్లు వస్తాయన్న మాట పాతబడింది, కాని అబద్ధం కాలేదు. ప్రభువు వస్తాడన్న మాటకు రెండువేల ఏళ్లు నిండుతున్నా సంగతి అదే.

క్రీ.శ. 50 ప్రాంతంలో థెస్సలొనీక సంఘంలో ప్రభువు దినం వచ్చేసిందని కొందరు గందరగోళం లేపారు. పనిపాటలు మానినవారు కూడా ఆ సంఘంలో ఉన్నారు. అపొస్తలుడైన పౌలు వారికి జాగ్రత్తగా పని చేసుకొని తమ అన్నం తాము తినమని రాశాడు. కాబట్టి ఈ వారం పిల్లల ఫీజు కట్టండి, చేను దున్నండి, మందులు వేసుకోండి. అలాగే కూలివారికి ఆపిన డబ్బు ఇచ్చేయండి, మాట పోయిన ఇంటికి వెళ్లండి. మెలకువగా ఉండమని ప్రభువు చెప్పినదానికి అర్థం ఇదే.

ఆ తల్లి ఇంకా చెల్లెలి ఇంటికి వెళ్లలేదు. తోడు వస్తామని ఆమెకు చెప్పాము. “చూద్దాం లే అయ్యగారూ” అన్నది. మేము మళ్లీ అడుగుతాము. మాకు ఆరేళ్లు పట్టిందన్న సంగతి మాకు గుర్తుంది గనుక ఆమెను గద్దించే ధైర్యం మాకు లేదు. చదువుతున్న మీకు కూడా అలాంటి ఇల్లు ఒకటి ఉండే ఉంటుంది. దానికి సెప్టెంబరు ఇరవై మూడు అక్కరలేదు, ఈ సాయంత్రం చాలు.

ప్రభువు వచ్చేటప్పటికి మనలను ఆ వాకిట్లో చూచును గాక. ఆమెన్.